నేల, నీరు, నింగి: ముగ్గురన్నదమ్ముల పోటీ

తూర్పు తీరపు సిపాయిలు – 9వ భాగం

మద్రాసు నుంచి ఉత్తరానికి కదిలే సైన్యానికి పూర్వం రెండే దారులు. ఒకటి నెల్లూరు మీదుగా పోయే బాట, రెండోది బంగాళాఖాతం. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేట మొదటి దారి మీదే ఉంది. రెండో దారికి పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆనాటి బాటే నేటి 16వ నంబరు జాతీయ రహదారి. దాని వెంటే 1899లో మద్రాసును బెజవాడతో కలిపిన రైలుమార్గం సాగుతోంది. దక్షిణాన శ్రీహరికోట, ఉత్తరాన కృష్ణపట్నంలో కోస్ట్‌గార్డ్ స్టేషను. ఆర్మీలో ఉన్నవాడూ, నేవీలో ఉన్నవాడూ, ఎయిర్‌ఫోర్సులో ఉన్నవాడూ సెలవు మీద ఒకే రైల్లోంచి దిగే ఊళ్లు మన తీరం పొడవునా ఉన్నాయి. ఆ ముగ్గురూ ఒకచోట కూర్చుంటే కాసేపటికి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: మనలో ఎవరి దళం గొప్ప?

గత భాగంలో దుగరాజపట్నం కథ చెప్పుకున్నాం. 1626లో అక్కడ వర్తక స్థావరం పెట్టిన ఇంగ్లీషు కుంపిణీ, 1639లో ఫ్రాన్సిస్ డే సంపాదించిన పట్టాతో మద్రాసుకు ఎలా మారిందో, దాని కొలువులో మన తెలుగువాళ్లు సిపాయిలుగా ఎలా చేరారో చూశాం. ఈసారి ఆ సిపాయిలు ఓడ ఎక్కుతారు. నేల సైన్యానికీ నీటి సైన్యానికీ మధ్య పోటీ కూడా వాళ్ల వెంటే ఓడ ఎక్కుతుంది. ఆ పోటీ హద్దులో ఉన్నన్నాళ్లూ దళాలకు చురుకునిచ్చింది. హద్దు దాటిన ప్రతిసారీ ప్రాణాలు తీసింది. ఆ హద్దు ఎక్కడుందో చరిత్ర మనకు చాలా స్పష్టంగా చూపించింది.

కోటను ఒంటరిగా పట్టిన నావికుడు

1756 జూన్‌లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి అక్టోబరు 16న మద్రాసు నుంచి ఓడలు బయలుదేరాయి. ఓడలకు అడ్మిరల్ వాట్సన్ అధిపతి. సైన్యానికి క్లైవు అధిపతి. సైన్యంలో సుమారు 900 మంది తెల్లవాళ్లు, 1500 మంది సిపాయిలు. మద్రాసు వైపు నుంచి అలా వెళ్లిన సిపాయిల్ని బెంగాల్ జనం తిలంగాలని పిలిచారు. ఉత్తరదేశంలో ఆ పేరు నూరేళ్ల పాటు, 1857 తిరుగుబాటు దాకా, కుంపిణీ సిపాయి అన్నవాడికల్లా స్థిరపడిపోయింది.

డిసెంబరు ఆఖరున హుగ్లీ నది మీద బజ్‌బజ్ కోట దగ్గర మొదటి పోరు. క్లైవు తన బలగాన్ని రాత్రంతా బురదనేలల్లో నడిపించాడు. తెల్లవారాక నవాబు సేనాని మాణిక్‌చంద్ మనుషులు మీద పడితే కష్టం మీద తిప్పికొట్టాడు. ఓడల ఫిరంగులు కోటగోడకు గండి కొట్టాయి. మర్నాడు పొద్దున సైనికులూ నావికులూ కలిసి దాడి చేయాలని నిర్ణయమైంది. ఆ రాత్రి స్ట్రాహన్ అనే నావికుడు తాగిన మత్తులో కందకం దాటి, గండిలోంచి పైకెక్కి, పిస్తోలు పేల్చి, కోట నాదేనని కేకపెట్టాడు. లోపల మిగిలిన కొద్దిమంది అతని మీదకు వచ్చారు. కేక విని తోటి నావికులు పరుగెత్తారు, వాళ్ల వెనక సిపాయిలూ పరుగెత్తారు. సైన్యం ఒక పగలూ రాత్రీ నెత్తురోడ్చి సిద్ధం చేసిన దాడిని నావికుడొకడు మత్తులో ముగించేశాడు.

ఓడల వాళ్లు ఈ కథను ఏళ్ల తరబడి సంబరంగా చెప్పుకున్నారు. అయితే వాట్సన్ మర్నాడు స్ట్రాహన్‌ను పిలిచి గట్టిగా మందలించాడు. ఈ పనికి నన్ను కొరడాతో కొట్టిస్తే బతికున్నన్నాళ్లూ ఇంకో కోటను ఒంటరిగా పట్టనని అతను గొణుక్కుంటూ బయటికొచ్చాడట. నవ్వొచ్చే ఈ కథకు వెనక పేజీ ఉంది. ఆ రాత్రి గందరగోళంలో కుంపిణీ సైన్యానికి చెందిన కెప్టెన్ క్యాంబెల్ సొంతవాళ్ల తూటాకే చనిపోయాడు. చీకట్లో ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియకపోవడమే అందుకు కారణం.

నాలుగు రోజుల తరవాత, 1757 జనవరి 2న, కలకత్తా చేతికొచ్చింది. అక్కడ పోటీ ముదిరింది. వాట్సన్ తన తరఫున కెప్టెన్ కూట్‌ను కోటకు అధికారిగా నియమించాడు. కుంపిణీ సిపాయిల్ని లోపలికి రానివ్వలేదు. క్లైవు వచ్చి ఆ నియామకాన్ని ఒప్పుకోనన్నాడు. కోట ఖాళీ చేయకపోతే ఓడల మీంచి కాలుస్తానని వాట్సన్ కబురు పెట్టాడు. చివరికి మధ్యవర్తులు నడిచి, వాట్సన్ స్వయంగా వచ్చి తాళాలు తీసుకుని కుంపిణీ వాళ్లకు అప్పగించేట్టు రాజీ కుదిర్చారు. శత్రువును తరిమిన రోజునే రెండు దళాలు ఒకదానిమీద ఒకటి ఫిరంగులు ఎక్కుపెట్టుకునేంత దూరం వెళ్లాయి.

పలుగూ పారా పట్టిన సైన్యం

యుద్ధాల చరిత్రలో తుపాకి పట్టినవాడి పేరే ముందు కనిపిస్తుంది. మద్రాసు సైన్యం దండు కదిలిందంటే తుపాకి లేనివాళ్లే వేలల్లో నడిచేవాళ్లు. ఎద్దుల మీద తోలుసంచుల్లో నీళ్లు మోసే పఖాలీలు, గాయపడ్డవాళ్లను డోలీల్లో మోసే బోయీలు, గుడారాలు వేసి పీకే లస్కర్లు, ఫిరంగి పేల్చే గోలందాజులు, లాడాలు కొట్టే కమ్మర్లు, తిండిగింజలు అమ్మే బజారువాళ్లు. పఖాలీ ఒక్కపూట వెనకబడితే ఎండాకాలంలో దండు అడుగు ముందుకు పడదు. ఈ పనుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు.

1780 సెప్టెంబరు 30న మద్రాసు సైన్యంలో రెండు పయనీరు కంపెనీలు ఏర్పడ్డాయి. అడవి నరికి దారి తీయడం, వాగు మీద వంతెన వేయడం, కోటగోడ కింద సొరంగం తవ్వడం వాళ్ల పని. అదే పెరిగి పెద్దదై మద్రాసు సాపర్లు అయింది. ఇప్పటి పేరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, కేంద్రం బెంగళూరు. తరవాతి కాలంలో పదాతి పటాలాల్లోంచి మరో రకం పయనీరు పటాలాలు కూడా వచ్చాయి. వీళ్లు తుపాకితో పోరాడగలరు, పలుగుతో తవ్వగలరు. సాపరు నిపుణుడు, పయనీరు సిపాయి. ఇద్దరి పనీ దాదాపు ఒకటే కావడంతో పోటీ గట్టిగానే ఉండేది. 1933లో పయనీరు పటాలాలన్నిటినీ రద్దు చేశారు. సాపర్లు నిలిచారు.

అసలు తెలుగు సిపాయికి దెబ్బ తగిలింది అంతకు ముందే. 19వ శతాబ్దం చివర్లో కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయనే సిద్ధాంతం ఇంగ్లీషు సేనాధిపతుల తలకెక్కింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దానికి పెద్దదిక్కు. దక్షిణాది పదాతి పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, 1920ల్లో పూర్తిగా పోయాయి. దక్షిణాదివాడి పేరు సైన్యంలో నిలబెట్టింది సాపర్లే. వడ్రంగం, కమ్మరం, తాపీపని చేతికొచ్చినవాడిని ఏ సిద్ధాంతమూ పక్కన పెట్టలేకపోయింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి మనుషులు కావలసొచ్చి 1941–42లో మద్రాసు రెజిమెంటును మళ్లీ నిలబెట్టారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరమన్న పేరు రెండు ప్రపంచయుద్ధాలకూ అక్కడినుంచి వెళ్లిన మనుషుల వల్ల వచ్చింది. ఆ ఊళ్లో వాళ్ల స్మారకం ఇప్పటికీ ఉంది.

సాపరు విలువేమిటో 1944 జూన్ 24న ఇటలీలో సుబేదార్ సుబ్రమణియన్ చూపించాడు. మందుపాతరలు తీస్తుండగా ఒకటి పేలబోతోందని తెలిసి, పక్కవాళ్లను కాపాడటానికి దానిమీద పడిపోయాడు. జార్జ్ క్రాస్ పొందిన తొలి భారతీయుడు ఆయనే. పదాతి సిపాయి నడిచే ప్రతి దారిలోనూ సాపరు ముందు నడిచి ఉంటాడు.

ఎవరి సముద్రం ఇది?

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి అవి లేచాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలు మునిగాయి. బ్రిటిషు తూర్పు నౌకాబలం సింహళం వైపు దెబ్బలు తింటూ ఉంది. మన తీరాన్ని గాలిలోంచి కాయడానికి మద్రాసులో, విశాఖలో ఉన్నవి కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్లు. వాటి చేతుల్లో ఉన్నది పాత వాపిటి రకం విమానాలు. తీరం మీద నేల సైన్యం పలచగా పరుచుకుని ఉంది. మద్రాసులో భయం పుట్టింది. సర్కారు కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలాయి. జనం దొరికిన బండి ఎక్కి పట్నం వదిలారు. తీరం వెంట ఉత్తరానికి వెళ్లేవాళ్లకు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా పోయే రైలుదారే గతి.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు చమురుట్యాంకుల్ని తగలబెట్టినప్పుడు తీరం మొదటి పాఠం నేర్చుకోవలసింది. 1942 రెండో పాఠం చెప్పింది. సముద్రం మీదినుంచి వచ్చే ప్రమాదాన్ని నౌకాదళం చూడాలి, విమానం ముందే కనిపెట్టాలి, నేల సైన్యం తీరాన కాచుకోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ గుడ్డివే.

స్వతంత్రం వచ్చాక ఈ పాఠాన్ని చదువులోనే పెట్టారు. 1949లో డెహ్రాడూన్‌లో మూడు దళాల కుర్రాళ్లకు కలిపి శిక్షణ మొదలైంది. 1955లో ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ తెరిచారు. ప్రపంచంలో మూడు దళాలకూ కలిపి నడిచిన తొలి అకాడమీ అదే. అయినా 1965 యుద్ధంలో పాత అలవాటు బయటపడింది. సెప్టెంబరు 1న ఛంబ్ రంగంలో నేల సైన్యం సాయం అడిగింది సాయంత్రానికి. వైమానిక దళం హడావిడిగా పంపిన వాంపైర్ విమానాలు నాలుగు ఆ ఒక్క పూటే కూలాయి. నౌకాదళాన్ని దాదాపు బయటే నిలబెట్టారు. విమానవాహక నౌక విక్రాంత్ మరమ్మతులో ఉంది. 7వ తేదీ రాత్రి ద్వారక మీద పాకిస్తాన్ ఓడలు గుళ్లు కురిపించాయి. ఆ అవమానం నావికుల గుండెల్లో ఆరేళ్లు రగిలింది.

విశాఖ పన్నిన వల

1968లో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు దానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన ముందున్న చిక్కు పెద్దది. ఒక బాయిలరు పాడైన విక్రాంత్‌ను బంగాళాఖాతంలో కాపాడుకోవాలి. దాన్ని ముంచడానికే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది.

కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచాడు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను విశాఖ దగ్గర తిప్పి విక్రాంత్ ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించాడు. రాజ్‌పుత్ నుంచి వైర్‌లెస్ సందేశాలు జోరుగా వెళ్లాయి. విశాఖలో పెద్దఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డరు పెట్టించారు. అంత తిండి తినే ఓడ విక్రాంత్ తప్ప మరొకటి కాదని గూఢచారులు అనుకోవాలి. తల్లికి ఒంట్లో ఎలా ఉందో అడుగుతూ ఓడలోని నావికుడు పంపినట్టు ఓ మామూలు తంతిని కూడా పంపించారు. కృష్ణన్ ఈ ఏర్పాట్లన్నీ తర్వాత తన పుస్తకంలో రాశాడు. ఈ వలలో ఫిరంగి కంటే ముందు పనిచేసినవాళ్లు సిగ్నల్ ఆపరేటర్లు, సరుకుల గుమాస్తాలు, కూరగాయల కాంట్రాక్టర్లు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు బయట పెద్ద పేలుడు జరిగింది. ఇందర్ సింగ్ నడిపిస్తున్న రాజ్‌పుత్ అప్పటికే అనుమానంతో డెప్త్ ఛార్జీలు వేసింది. తెల్లారాక జాలర్లకు సముద్రంలో శకలాలు దొరికాయి. ఘాజీ 90 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన ఛార్జీలకే మునిగిందని మన నౌకాదళం, లోపలి పేలుడే కారణమని పాకిస్తాన్ ఇప్పటికీ అంటాయి. ఫలితం మాత్రం వాదనకు అందనిది. విక్రాంత్‌కు దారి తెరుచుకుంది. డిసెంబరు 4నే దాని మీంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్‌బజార్ మీద పడ్డాయి.

అదే సమయంలో నేల మీద, గాలిలో ఏం జరిగిందో చూడండి. మేఘనా నది మీద వంతెన కూలిపోయి సైన్యం ఆగిపోతే, లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ సైనికుల్ని వైమానిక దళపు ఎంఐ-4 హెలికాప్టర్లు డిసెంబరు 9 నుంచి నది దాటించాయి. 11న తంగాయిల్ దగ్గర రెండో పారా పటాలం గాలిలోంచి దిగింది. 14న మిగ్-21లు ఢాకా గవర్నరు భవనం మీద దాడి చేస్తే గవర్నరు మాలిక్ ఆ పూటే రాజీనామా రాశాడు. సముద్రం వైపు తప్పించుకునే దారి నౌకాదళం మూసేసింది. డిసెంబరు 16న ఢాకాలో జరిగిన లొంగుబాటుతో 93 వేల మంది బందీలయ్యారు.

ఆ రోజు తీసిన ఫొటోను మన పాఠ్యపుస్తకాల్లో అందరం చూశాం. బల్ల దగ్గర మన సేనాని అరోరా, లొంగిపోయిన పాకిస్తాన్ సేనాని నియాజీ కూర్చుని ఉంటారు. వెనక నిలబడ్డవాళ్లలో విశాఖ నుంచి వెళ్లిన కృష్ణన్, వైమానిక దళం తరఫున ఎయిర్ మార్షల్ దివాన్, నేల సైన్యం తరఫున సగత్ సింగ్, జేకబ్ ఉంటారు. ఘనత ఎవరిదన్న చర్చ ఆ తరవాత పుస్తకాల్లో చాలాకాలం నడిచింది. ఆ చర్చ సాగినా నష్టం లేదు, ఎందుకంటే అది గెలిచాక మొదలైంది. 1757 కలకత్తాలో గెలిచిన రోజే తగువు మొదలై కోట తాళాల దగ్గర ఆగింది. 1971లో ముగ్గురూ ఒకే బల్ల వెనక నిలబడ్డారు.

మైదానంలో తేలే లెక్కలు

శాంతికాలంలో ఈ పోటీకి సరైన చోటు ఆటస్థలం. డురాండ్ కప్ ఫుట్‌బాల్ చరిత్రలో 1950లు మనవాళ్ల దశాబ్దం. ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1954లో, 1957లో కప్పు గెలిస్తే, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, 1958లో గెలిచింది. 1955 ఫైనల్లో రెజిమెంటు ఓడించింది ఎయిర్‌ఫోర్సును. ఆ రెండు జట్లవాళ్లే సర్వీసెస్ జట్టు కట్టినప్పుడు ఒకే చొక్కా తొడుక్కుంటారు. 1960–61లో సర్వీసెస్ తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆ కూడికతోనే.

సెల్యూట్ చేసే తీరులోనూ తేడా ఉంది. ఆర్మీలో అరచెయ్యి ఎదుటివాడికి కనిపిస్తుంది. నేవీలో అరచెయ్యి కిందికి తిరిగి ఉంటుంది. తాళ్లూ తారూ పట్టి మురికైన చేతులు అధికారికి కనపడకూడదని అలా మొదలైందని నావికులు చెప్పుకుంటారు. ఎయిర్‌ఫోర్సు 2006లో తన సెల్యూట్‌ను ఈ రెంటికీ నడుమ వాలుగా మార్చుకుంది. హోదాల్లోనూ తికమకే. ఆర్మీ కెప్టెన్ కుర్ర అధికారి, నేవీ కెప్టెన్ ఆర్మీలో కల్నల్‌తో సమానం. పరమవీర చక్ర పొందిన 21 మందిలో 20 మంది ఆర్మీవాళ్లు, ఎయిర్‌ఫోర్సుకు ఒక్కరు, నేవీకి ఇంకా లేదు. మెస్సులో ఈ లెక్క ఎత్తితే ఘాజీ పేరు వెంటనే వస్తుంది.

ప్రతి దళం లోపల మళ్లీ ఎన్ని దళాలు! సికింద్రాబాద్‌లోనే ఎంత వైవిధ్యం ఉందో చూడండి. తుపాకులు, ట్యాంకులు బాగుచేసే ఈఎంఈ అక్కడుంది. మందుగుండూ సామగ్రీ కాపాడే ఆర్డినెన్స్ కోర్ కేంద్రం అక్కడుంది. పక్కన గోల్కొండలో ఫిరంగి దళ కేంద్రం, దుండిగల్‌లో 1971లో మొదలైన ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. పైలట్ ఒక్కడు గాల్లోకి లేవాలంటే ఇంజను చూసేవాడు, ఆయుధాలు ఎక్కించేవాడు, రాడార్ ముందు కూర్చునేవాడు, వాతావరణం చెప్పేవాడు, పారాచూట్ మడతపెట్టేవాడు అందరూ తమ పని తప్పులేకుండా చేసి ఉండాలి. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లు ఇరుకైన వంటగదిని చూసే ఉంటారు. 1969 నుంచి 2001 దాకా ఆ ఓడ పనిచేసింది. నీళ్ల కింద వారాల తరబడి ఉండే మనుషుల్ని నిలబెట్టిన పనుల్లో టార్పెడో ఎంతో, ఆ వంటవాడి చెయ్యి అంత.

ఇప్పుడు మన తీరంలో

2019 నవంబరులో విశాఖ, కాకినాడ తీరాల్లో టైగర్ ట్రయంఫ్ పేరిట భారత్, అమెరికా కలిసి విన్యాసాలు చేశాయి. మన వైపు నుంచి జలాశ్వ, ఐరావత్ ఓడలు వచ్చాయి, 19వ మద్రాస్ పటాలం జవాన్లు ఒడ్డున దిగారు, ఎయిర్‌ఫోర్సు హెలికాప్టర్లు, వైద్యబృందం పాల్గొన్నాయి. సాధన చేసిన పని యుద్ధం కాదు, విపత్తులో జనాన్ని ఆదుకోవడం. తుపాన్లు, వరదలు అలవాటైన మన తీరానికి ఇంతకంటే దగ్గరి విషయం లేదు. వరదలో చెట్టెక్కి కూర్చున్న మనిషి పైకొచ్చే హెలికాప్టరు ఏ దళానిదని అడగడు.

2020 జనవరి 1న మూడు దళాలకూ కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి మొదలైంది. తొలి అధిపతి జనరల్ బిపిన్ రావత్ 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆ ప్రమాదంలో పోయిన 14 మందిలో అప్పటి చిత్తూరు జిల్లా ఎగువరేగడ గ్రామానికి చెందిన పారా కమాండో లాన్స్ నాయక్ బి. సాయితేజ ఉన్నాడు. హెలికాప్టరును నడిపింది ఎయిర్‌ఫోర్సు, ఎక్కినవాళ్లలో ఎక్కువమంది ఆర్మీ, వెళ్తున్నది మూడు దళాల అధికారులూ చదివే వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి. వాళ్లను పంపించిన దేశం వాళ్ల యూనిఫాం రంగులు వేరు చేసి ఏడవలేదు.

నాయుడుపేట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. నెల్లూరు, చిత్తూరు వైపు కుర్రాళ్లు ఆర్మీ భర్తీకి గుంటూరు కార్యాలయం కిందికి వెళ్తారు. నేవీ, ఎయిర్‌ఫోర్సు పరీక్షలు వేరు. ఏ దళంలో చేరాలి, ఏ ట్రేడ్ తీసుకోవాలి అని అడిగే కుర్రాడికి ఈ చరిత్ర చెప్పే జవాబు ఇది: నీ చేతికి ఏ పని బాగా వస్తుందో చూసుకుని ఆ పనికి వెళ్లు, అది తుపాకి అయినా, స్పానరు అయినా, గరిటె అయినా. నీ దళం గొప్పదని గర్వంగా చెప్పుకో, ఆటస్థలంలో మిగతా రెండు దళాల్నీ ఓడించు. ఎదుటి దళం సాయం కోసం పిలిచిన రోజున మాత్రం ఎవరికి పేరొస్తుందని లెక్క చూడకు. కలకత్తాలో ఆ లెక్క చూశారు, ఢాకాలో చూడలేదు. రెండు ఫలితాలూ మన ముందున్నాయి.

వచ్చే భాగంలో: బర్మా యుద్ధరంగంలో మద్రాసు సాపర్లు నదుల మీద వంతెనలు వేసిన కథ.

(సశేషం)